క్లినిక్‌లో సీబీసీటీ (దవడల 3డీ ఎక్స్‌రే స్కానర్) పెట్టాలంటే బీడీఎస్ చాలా, ఇంకేమైనా కావాలా?

రెండు_కుర్చీల_క్లినిక్
తెనాలిలో నాది చిన్న క్లినిక్. రెండు కుర్చీలు, ఒక ఆర్వీజీ (పంటి డిజిటల్ ఎక్స్‌రే), ఒక అసిస్టెంట్ అమ్మాయి, నేను. నెలకు ఆరేడు ఇంప్లాంట్లు పడుతున్నాయి, జ్ఞానదంతాలు ఓ పదో పన్నెండో. ప్రతి స్కాన్‌కూ పేషెంట్‌ని గుంటూరు పంపాల్సి వస్తోంది. వెళ్లినవాళ్లలో కొందరు అక్కడే ఎవరి దగ్గరో పన్ను కూడా పీకించేసుకుని వస్తున్నారు, ఆ బాధ వేరే. అందుకని సొంతంగా సీబీసీటీ కొందామని కొటేషన్ తెప్పించా. 32 లక్షలు. సేల్స్ అబ్బాయి ఏమంటాడంటే "సార్, మీకు బీడీఎస్ ఉంది కదా, అది చాలు, ఏఈఆర్‌బీ (రేడియేషన్ భద్రత చూసే కేంద్ర సంస్థ) సంగతి మేం చూసుకుంటాం, మీరు సంతకం పెడితే చాలు" అని. మా బావ హాస్పిటల్లో సీటీ టెక్నీషియన్, వాడేమో "సీటీ అన్నాక రేడియాలజిస్టు ఉండాల్సిందే, లేకపోతే వచ్చి సీలేస్తారు" అంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? ట్రైనింగ్ అంటూ ప్రత్యేకంగా ఏదైనా ఉందా? పర్మిషన్ కొనకముందు తీసుకోవాలా, కొన్నాకనా? ఎవరైనా సొంతంగా పెట్టినవాళ్లు ఉంటే చెప్పండి, గూగుల్లో చూసింది చెప్పొద్దు, అది నేనూ చూశా.

మోలార్_మావయ్య
"మీరు సంతకం పెడితే చాలు" అన్నవాడి దగ్గర ఎప్పుడూ సంతకం పెట్టకు తమ్ముడూ. పాతికేళ్ల ప్రాక్టీసులో నేర్చుకున్నది అదొక్కటే.

రూట్‌కెనాల్_రాజు
మీ బావ చెప్పింది హాస్పిటల్ సీటీకి. మనది దవడల వరకే కదా, డెంటిస్టే తీయొచ్చు, డెంటిస్టే చూడొచ్చు. నా దగ్గర నాలుగేళ్లుగా ఉంది. మొదట్లో కాస్త పేపర్ వర్క్, తర్వాత ఏం లేదు. కొనెయ్యి అన్నా.

క్యూఏ_బాబాయ్
నేను డాక్టర్ని కాదు, ఎక్స్‌రే మెషిన్లకు క్వాలిటీ టెస్టులు చేసే పని నాది. రెండు రాష్ట్రాల్లోనూ తిరుగుతుంటా. రాజు గారన్న ఆ "కాస్త పేపర్ వర్క్" దగ్గరే జనం ఇరుక్కుంటారు కాబట్టి వరసగా చెప్తా.

ముందు ఈలోరా. ఏఈఆర్‌బీ వాళ్ల ఆన్‌లైన్ పోర్టల్ అది, ఇప్పుడు మొత్తం దాంట్లోనే. మీ క్లినిక్‌ని సంస్థగా నమోదు చేసుకుంటే లాగిన్ వస్తుంది. ఆ లాగిన్‌కి మీ సొంత మెయిల్, మీ సొంత ఫోన్ నంబరే ఇవ్వండి, డీలర్ కుర్రాడిది ఇవ్వకండి. వాడు ఉద్యోగం మారితే మీ పాస్‌వర్డ్ వాడితో పాటే పోతుంది. ఇలా పోగొట్టుకుని తలపట్టుకున్నవాళ్లను నేను చేతివేళ్లు చాలనంత మందిని చూశా.

రెండోది, మీరడిగిన ముందా తర్వాతా అన్నది. ముందే. మెషిన్ తెప్పించుకోవడానికి కొనుగోలు అనుమతి ఉండాలి, అది ఈలోరాలోనే పెట్టాలి. అమ్మేవాడికి ఏఈఆర్‌బీ నుంచి అమ్మే అధికారం ఉండాలి, ఆ మోడల్‌కి టైప్ అప్రూవల్ (ఆ రకం మెషిన్‌కి ఏఈఆర్‌బీ ఆమోదం) ఉండాలి. కంపెనీ పేరు మంచిదే అయినా మోడల్ నంబర్ చూడండి, ఒకే కంపెనీలో ఒక మోడల్‌కి ఉండి ఇంకోదానికి లేకపోవచ్చు. తర్వాత మెషిన్ దిగుతుంది, బిగిస్తారు, మాలాంటివాళ్లు వచ్చి టెస్టులు చేస్తాం, ఆ రిపోర్టు పెట్టి నడుపుకోవడానికి అనుమతి అడగాలి. అది చేతికొచ్చేదాకా పేషెంట్‌ని అందులో నిలబెట్టకూడదు. ఒకసారి టెస్టు చేయించి ఊరుకోవడం కూడా కాదు, రెండేళ్లకోసారి మళ్లీ చేయించాలి.

మూడు, ఆర్‌ఎస్‌ఓ, అంటే రేడియేషన్ భద్రత చూసే మనిషి. ఈలోరాలో ఒక పేరు చూపించాలి, దానికి ఏఈఆర్‌బీ ఆమోదం ఉండాలి. చిన్న క్లినిక్కుల్లో చాలాచోట్ల డాక్టరు గారే ఆర్‌ఎస్‌ఓ. దీనికి అద్దెకు మనిషిని పెడతామని, సర్టిఫికెట్టు మాత్రం ఇస్తాం మనిషి రాడని ఎవరైనా అంటే దండం పెట్టి పంపించండి.

నాలుగు, గది. దీన్ని ఆఖర్న పెట్టుకుంటారు, నిజానికి మొదట చూసుకోవాల్సింది ఇదే. గోడ మందం ఎంత, గోడ అవతల ఎవరున్నారు, పైన ఏముంది, కింద ఏముంది, మీరు బటన్ నొక్కే చోటి నుంచి పేషెంట్ కనిపిస్తాడా, తలుపు ఎటు తెరుచుకుంటుంది. మీది సొంత బిల్డింగా, అద్దెదా?

రెండు_కుర్చీల_క్లినిక్
అద్దెదే బాబాయ్. మొదటి అంతస్తు. పక్క గదిలో టైలరింగ్ షాపు. మధ్య గోడ ఎంత మందమో ఎప్పుడూ చూడలేదు, మేకు కొడితే మాత్రం అవతలి వైపు సున్నం రాలుతుంది.

మోలార్_మావయ్య
అవతల కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తుందా?

రెండు_కుర్చీల_క్లినిక్
టైలర్ గారు ఫోన్లో వాళ్లావిడతో ఏం మాట్లాడేదీ వినిపిస్తుంది.

మోలార్_మావయ్య
అయితే నాలుగున్నర అంగుళాలే.

వరంగల్_వైర్లు
గోడ మాటొచ్చింది కాబట్టి నా కథ. నాది ఆర్థో ప్రాక్టీస్, పళ్లకి వైర్లు వేసే పని. ఒక ఫ్రెండ్ క్లినిక్ మూసేసి కెనడా వెళ్తూ తన సీబీసీటీ నన్ను తీసుకోమన్నాడు. సగం ధరకంటే తక్కువ. నేను ఎగిరి గంతేసి డబ్బు కట్టి, డీసీఎంలో వేయించి తెచ్చేసుకున్నా. తెచ్చాక ఈలోరా తెరిస్తే ఏముంది, ఆ మెషిన్ ఇంకా వాడి పేరు మీద, వాడి అడ్రసులోనే ఉంది. వాడి లాగిన్ నుంచి వాడు బదిలీ చేస్తే తప్ప నా వైపు కదలదు. వాడేమో అక్కడ మంచులో కారు తోసుకుంటున్నాడు, పాస్‌వర్డ్ గుర్తులేదు, పాత ఫోన్ నంబర్ రద్దయింది కాబట్టి ఓటీపీ ఎక్కడికో పోతోంది. నాలుగు నెలలు. నాలుగు నెలలు ఆ మెషిన్ మా వెనక గదిలో నీలం తాడిపత్రి కప్పుకుని నిలబడింది. మా అసిస్టెంట్ అమ్మాయిలు గడ్డం ఆనించే చోట హ్యాండ్‌బ్యాగులు తగిలించేవాళ్లు. ఒకరోజు వెళ్లి చూస్తే తిరిగే చెయ్యి మీద తడి నాప్‌కిన్లు ఆరేసి ఉన్నాయి.

ఇదంతా అయ్యాక గోడ. రోడ్డు వైపు తొమ్మిదంగుళాలు, బానే ఉంది. వెయిటింగ్ హాల్ వైపుది మాత్రం తర్వాత కట్టిన పార్టిషన్. లెడ్ షీటు వేయించమన్నారు. షీటు బరువెంత ఉంటుందో నాకు అప్పటిదాకా తెలీదు, ఇద్దరు మనుషులు మోసుకొచ్చి ప్లైవుడ్‌లో బిగించారు, దాని ఖర్చు, తలుపుకి వేరే, కిటికీ మూయించడం వేరే. తక్కువలో వచ్చిందనుకున్న మెషిన్ చివరికి కొత్తదాని దరిదాపుల్లోకే వచ్చి ఆగింది. సెకండ్ హ్యాండ్ తీసుకోవద్దని అనను. కానీ అమ్మేవాడు దేశం దాటకముందు ఈలోరాలో పని పూర్తి చేయించుకోండి.

రూట్‌కెనాల్_రాజు
నాప్‌కిన్ల ఫొటో ఉంటే పెట్టు.

వరంగల్_వైర్లు
ఉంది. పెట్టను.

ఓఎండీఆర్_అక్క
అందరూ మెషిన్ గురించే చెప్తున్నారు. తమ్ముడు అడిగిన మొదటి ప్రశ్న ట్రైనింగ్. దానికి ఒక్కళ్లూ జవాబు ఇవ్వలేదు.

నేను ఓరల్ మెడిసిన్ అండ్ రేడియాలజీ ఎండీఎస్. కాలేజీలో పాఠాలు చెప్తా, సాయంత్రాలు బయటి సెంటర్లకు సీబీసీటీ రిపోర్టులు రాస్తా. బీడీఎస్‌లో రేడియాలజీ ఉంది, నిజమే. మనందరం ఐఓపీఏ (చిన్న పంటి ఎక్స్‌రే) తీశాం, డార్క్ రూంలో చేతికి డెవలపర్ మరకలు పడ్డాయి, కోటా పూర్తిచేశాం. కానీ గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి, ఇంటర్న్‌షిప్ అయ్యేలోగా ఒక సీబీసీటీ వాల్యూం (స్కాన్ మొత్తం) తెరిచి మూడు ప్లేన్లలోనూ మొదటి స్లైస్ నుంచి చివరి స్లైస్ దాకా మీ చేత్తో మీరు స్క్రోల్ చేసినవాళ్లు ఎంతమంది? ఏఈఆర్‌బీ చూసేది రేడియేషన్ భద్రత, అది వాళ్ల పని, బాగానే చేస్తారు. ఆ స్కాన్‌లో ఏముందో చదవడం నీకు వచ్చా రాదా అని ఈలోరా ఫారంలో ఎక్కడా అడగరు. మెషిన్ కొన్నరోజు మెషిన్ వాడడం నేర్పడానికి కంపెనీ అమ్మాయి వచ్చి రెండు గంటలు చూపిస్తుంది చూడండి, చాలా క్లినిక్కుల్లో ట్రైనింగ్ అంటే ఆ రెండు గంటలే. అందులోనూ గంటసేపు సాఫ్ట్‌వేర్‌లో ఇంప్లాంట్ బొమ్మని ఎముకలో ఎలా పెట్టాలో చూపిస్తుంది, ఎందుకంటే అమ్ముడుపోయేది అదే.

ఒక కేసు చెప్తా. కింది జ్ఞానదంతం కోసం తీసిన స్కాన్. ఎనిమిది బై ఎనిమిది సెంటీమీటర్ల ఫీల్డ్ (స్కాన్‌లో పడే మేర), రెండు దవడలూ పడ్డాయి. డాక్టరు గారు నరం కాలువ ఎంత దూరంలో ఉందో చూసుకున్నారు, పన్ను తీశారు, బాగానే తీశారు. రెండు నెలల తర్వాత ఆ పేషెంట్‌కే పైదవడలో ఇంప్లాంట్ పెడదామని పాత సీడీ నాకు పంపి "ఎముక ఎత్తు చెప్పండి మేడం" అన్నారు. తెరిచా. కుడి సైనస్ (పైదవడ మీదుండే గాలి గది) వెనక గోడ లేదు. పల్చగా ఉండడం కాదు, ఆ తెల్ల గీత వస్తూ వస్తూ ఒకచోట ఆగిపోయింది, మళ్లీ ఓ సెంటీమీటరు అవతల మొదలైంది. మధ్యలో బూడిదరంగు ముద్ద. ఫోన్ చేసి "ఇంప్లాంట్ సంగతి తర్వాత, ముందు ఈఎన్‌టీకి పంపండి" అన్నా. ఆ సీడీ రెండు నెలలు ఆయన టేబుల్ సొరుగులోనే ఉంది. ఆ స్లైసులన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన చూడలేదు, అంతే.

రూట్‌కెనాల్_రాజు
అక్కా, ఏమీ అనుకోవద్దు. ప్రతిసారీ ఇలాంటి కేసు ఒకటి చెప్పి భయపెడతారు. నేను నాలుగేళ్లలో ఎన్నో స్కాన్లు చూశా. మొదట్లో తడబడ్డా, ఇప్పుడు రెండో ఎంబీ కెనాల్ (పై దవడపన్నులో దాక్కునే సన్న కాలువ) నిమిషంలో పట్టుకుంటా. చూడగా చూడగా వస్తుంది. ఎండో (రూట్ కెనాల్) చేసేవాడికి ఐదు బై ఐదు చాలు, దాంట్లో సైనస్ వెనక గోడా రాదు, మెడలో రక్తనాళాలూ రావు. ప్రతిదానికీ రిపోర్టు, రిపోర్టుకో ఐదొందలు, అదంతా ఎవరి మీద పడుతుంది? పేషెంట్ మీదే. మీవాళ్లకు రిపోర్టింగ్ ఆదాయం కావాలని మమ్మల్ని చదవడం రానివాళ్లను చేసేస్తే ఎలా?

వరంగల్_వైర్లు
అబ్బో.

మోలార్_మావయ్య
పాప్‌కార్న్ తెచ్చుకుని కూర్చున్నా.

ఓఎండీఆర్_అక్క
ఐదొందలు ఇస్తున్నారా? నాకు మూడొందలే ఇస్తున్నారు, మీ సెంటర్ నంబర్ ఇవ్వు రాజూ.

సరే, మాటకి మాట. ఐదు బై ఐదు అన్నావు చూడు, అదే సరైన పని, దాన్నే నేనూ చెప్తా. ఏ పంటికి కావాలో ఆ పంటి వరకే తీస్తే డోసూ తగ్గుతుంది, నువ్వు చదవాల్సిన మేరా తగ్గుతుంది. కానీ నీ మెషిన్‌లో పెద్ద ఫీల్డ్ కూడా ఉందిగా? ఆర్థో ఫ్రెండ్ పంపితే తీస్తున్నావుగా? అది తీసిన రోజు ముక్కు, సైనస్, దవడ కీళ్లు, గొంతు దారి, వెన్నెముక పైభాగం, అన్నీ నీ కంప్యూటర్లో ఉన్నాయి. "నేను పళ్ల కోసమే తీశా, మిగతాది చూడలేదు" అని కన్స్యూమర్ కోర్టులో చెప్పి చూడు. ఇంకోటి, రెండో ఎంబీ కెనాల్ పట్టుకోవడం అంటే ఉందని తెలిసినదాన్ని వెతకడం. నేను చెప్పేది ఉందని తెలియనిదాన్ని చూడడం గురించి.

ఇంకా ఒకటి, ఇది రాజుకి కాదు, అందరికీ. సీబీసీటీలో కనిపించే బూడిదరంగు విలువలు హాస్పిటల్ సీటీలోని హౌన్స్‌ఫీల్డ్ నంబర్లు (సాంద్రత చెప్పే కొలత) కావు. సాఫ్ట్‌వేర్ ఒక నంబర్ చూపిస్తుంది, దాన్ని చూసి "ఎముక సాంద్రత 850 ఉంది, గట్టి ఎముక" అని పేషెంట్‌కి చెప్పేవాళ్లను చూశా. మెషిన్ మారితే ఆ నంబర్ మారుతుంది, అదే మెషిన్‌లో పక్కన మెటల్ క్యాప్ ఉంటే కూడా మారుతుంది. ఇది సేల్స్ అబ్బాయి చెప్పడు.

రూట్‌కెనాల్_రాజు
ఆ నంబర్ సంగతి ఒప్పుకుంటా. నేనూ మొదటి ఏడాది చెప్పా పేషెంట్లకు. 🙏

లీడ్స్_పళ్లు
గుంటూరులో బీడీఎస్ చేసి, ఓఆర్‌ఈ (బయటి దేశాల డెంటిస్టులకు ఇక్కడ పెట్టే పరీక్ష) రాసి ఇక్కడికి, బ్రిటన్‌కి, వచ్చి ఎనిమిదేళ్లయింది. ఇక్కడ ఎలా ఉంటుందో చెప్తా, పోలికకి పనికొస్తుంది. ఇక్కడ రెండు చట్టాలు. ఒకటి పనిచేసేవాళ్ల, చుట్టుపక్కలవాళ్ల రక్షణకి, ఐఆర్‌ఆర్ 2017 అంటారు, 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మెషిన్ ఉన్నవాడు ప్రభుత్వ సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలి, రేడియేషన్ సలహాదారు ఒకరు ఉండాలి. ఇది మీ ఏఈఆర్‌బీ లాంటిదే అనుకోండి. రెండోది పేషెంట్ రక్షణకి, ఐఆర్‌ఎంఈఆర్ 2017. దీంట్లో స్కాన్ రాసినవాడు ఎవరు, అది అవసరమేనని తేల్చినవాడు ఎవరు, బటన్ నొక్కినవాడు ఎవరు అని విడివిడిగా పాత్రలుంటాయి. చిన్న ప్రాక్టీసులో అన్నీ ఒక్కడే కావచ్చు, కానీ ఏ పాత్రకి తగ్గ శిక్షణ ఆ పాత్రకి ఉన్నట్టు కాగితం ఉండాలి.

నేను ఈ ప్రాక్టీసులో చేరినప్పుడు మెషిన్ పక్క గదిలోనే ఉంది, నాకు వాడడం వచ్చు, అయినా మూడు వారాలు ముట్టుకోనివ్వలేదు. సీబీసీటీకి శిక్షణ రెండు మెట్లుగా ఉంటుంది, స్కాన్ రాసేవాళ్లకు ఒకటి, తీసి చదివేవాళ్లకు రెండోది. రెండోది పూర్తయి ఫైల్లో సంతకం పడేదాకా నా స్కాన్లు మా సీనియర్ ఆవిడే తీసింది. నాకు ఒళ్లు మండిపోయింది అప్పుడు. ఇక తీసిన ప్రతి ఎక్స్‌రేకీ ఏం కనబడిందో కేస్ షీట్‌లో రాసి తీరాలి, "స్కాన్ తీశాం, బాగుంది" అని రాస్తే ఇన్‌స్పెక్షన్‌లో చీవాట్లు. దీనికి తోడు ఐదేళ్లకు ఐదు గంటలైనా రేడియోగ్రఫీ మీద సీపీడీ (ప్రాక్టీసులో ఉంటూ చేసే చదువు) చెయ్యమంటుంది ఇక్కడి డెంటల్ కౌన్సిల్.

రూట్‌కెనాల్_రాజు
అక్కడ రోజుకు ఎంతమంది పేషెంట్లను చూస్తారు? ఇక్కడ నేను ముప్పైమందిని చూస్తా. ప్రతి ఐఓపీఏకీ వ్యాసం రాస్తూ కూర్చుంటే అర్ధరాత్రి ఇంటికెళ్తా.

లీడ్స్_పళ్లు
వ్యాసం ఎవరడిగారు, రెండు లైన్లు. "46 వేరు చివర నీడ, సైనస్ శుభ్రం." అయిపోయింది. నీ ప్రిస్క్రిప్షన్ మీద పారాసిటమాల్ రాసేంత టైం.

ఓఎండీఆర్_అక్క
"46 వేరు చివర నీడ, సైనస్ శుభ్రం" అట. 46 కింది పన్ను నాయనా, సైనస్ పైన ఉంటుంది. రెండో మెట్టు పాసయ్యావా నిజంగా?

లీడ్స్_పళ్లు
అయ్యో. 16 అని చదువుకోండి అక్కా. ఫోన్లో టైప్ చేస్తున్నా.

మోలార్_మావయ్య
పాప్‌కార్న్ ఇంకో గిన్నె.

పేషెంట్_వైపు_మనిషి
నేను డెంటిస్టుని కాదు, ఊరికే చదువుతుంటా. మా అమ్మకి ఈ మధ్య మూడు నెలల్లో మూడుసార్లు ఈ స్కాన్ తీశారు, మూడు వేర్వేరు క్లినిక్కుల్లో. ప్రతివాళ్లూ "మా దగ్గర కొత్తది తీయాలి" అన్నారు. ఇప్పుడు ఇక్కడ రేడియేషన్, సీలు, లెడ్ షీట్లు అని చదివి టెన్షన్ వచ్చేసింది. ఆవిడకి 64. ప్రమాదమా?

ఓఎండీఆర్_అక్క
కంగారు పడకండి. లెక్క చూడండి. ప్రకృతి నుంచి మనందరికీ ఏడాదికి సగటున వచ్చే రేడియేషన్ ప్రపంచవ్యాప్తంగా చూస్తే 2.4 మిల్లీసీవర్టులు, అంటే 2400 మైక్రోసీవర్టులు. ఓపీజీ (పళ్లన్నీ ఒకేసారి పడే ఎక్స్‌రే) ఒకటి దాదాపు 20 మైక్రోసీవర్టులు. సీబీసీటీ చిన్న ఫీల్డ్ అయితే కొన్ని పదుల నుంచి వంద దాకా, పెద్ద ఫీల్డ్ అయితే రెండొందలు, మెషిన్నీ సెట్టింగునీ బట్టి అంతకు మించి కూడా. మూడూ కలిపినా అమ్మగారికి ఆ వయసులో భయపడాల్సింది కాదు. నాకు కోపం వచ్చింది డోసు మీద కాదు, మూడుసార్లు తీయడం మీద. మొదటి సెంటర్ నుంచి డైకామ్ ఫైళ్లు అడిగి తీసుకోండి, ఫొటో పేపర్ మీద ప్రింట్ కాదు, ఫైళ్లు. ఏ క్లినిక్‌లోనైనా ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకుంటాయి. "మా దగ్గర కొత్తది తీయాలి" అంటే ఎందుకో అడగండి, నోట్లో ఏదైనా మారిందా అని అడగండి. పిల్లల విషయంలో మాత్రం ఈ లెక్క ఇంత తేలిగ్గా తీసుకోను, వాళ్ల శరీరం రేడియేషన్‌కి ఎక్కువ స్పందిస్తుంది, ముందు బతకాల్సిన ఏళ్లూ ఎక్కువ. ఆర్థో పిల్లలందరికీ వరసపెట్టి పెద్ద ఫీల్డ్ తీసేవాళ్లున్నారు, వైర్లు తమ్ముడూ నిన్ను కాదు.

వరంగల్_వైర్లు
నన్ను కాదని పేరు పెట్టి మరీ చెప్పారు. లోపలికెళ్లిన పైకోరకి, అదనపు పళ్లు, అలాంటివాటికే తీస్తా నేను.

భీమిలి_గాలి
మా భీమిలి ఇసుకలో మోనజైట్ (రేడియేషన్ ఉండే ఖనిజం) ఉంది, పుట్టిన దగ్గర్నుంచి ఫ్రీ స్కాన్ మాకు.

డాలస్_డెంటు
ఇక్కడ సంగతి రాష్ట్రానికోరకం. మెషిన్ నమోదు రాష్ట్రం దగ్గర, అసిస్టెంట్ ఎక్స్‌రే తీయాలంటే ఏ అర్హత కావాలో కూడా రాష్ట్రమే చెప్తుంది. పక్క రాష్ట్రం వెళ్తే రూల్సు మళ్లీ మొదట్నుంచి చదువుకోవాలి. ఒక కొత్త సంగతి, 2024లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ వాళ్లు పేషెంట్‌కి లెడ్ ఏప్రాన్, థైరాయిడ్ కాలర్ ఇక అక్కర్లేదని సిఫారసు చేశారు. బీమ్‌ని చిన్నది చేసి, అవసరమైతేనే తీస్తే దానివల్ల ఒరిగేది లేదని. పైగా కాలర్ ఫీల్డ్‌లోకి వస్తే స్కాన్ పాడై మళ్లీ తీయాల్సి వస్తుంది. అయినా మా పేషెంట్లు ఒప్పుకోవట్లేదు. ఏప్రాన్ వెయ్యకపోతే "నా మీద ప్రేమ లేదా డాక్టర్" అన్నట్టు చూస్తారు.

క్యూఏ_బాబాయ్
డాలస్ గారు చెప్పింది విని ఇక్కడ ఎవరూ ఏప్రాన్లు అటక మీద పడేయకండి. అక్కడి సిఫారసు అక్కడిది, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన గోడకి ఏప్రాన్ తగిలించి ఉందా లేదా చూస్తాడు. అన్నట్టు మడతపెట్టకండి దాన్ని. మడత దగ్గర లోపలి లెడ్ పగులుతుంది, పైకి కనబడదు.

టీఎల్‌డీ బ్యాడ్జి (మనిషికి తగిలిన డోసు కొలిచేది) సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడు నెలలకోసారి ల్యాబ్‌కి పంపి కొత్తది తెచ్చుకోవాలి. దాంతోపాటు కంట్రోల్ బ్యాడ్జి అని ఇంకోటి ఇస్తారు, అది ఎక్స్‌రే గదికి దూరంగా ఉంచాలి, పోల్చి చూడడానికి. ఒక క్లినిక్‌లో అసిస్టెంట్ కుర్రాడికి మూడు నెలల డోసు ఆకాశాన్నంటింది. పై నుంచి ఉత్తరం, వివరణ ఇమ్మని. డాక్టరు గారు వణికిపోయి నాకు ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే ఏముంది, ఆ కుర్రాడు రోజూ సాయంత్రం ఇంటికెళ్తూ తన బ్యాడ్జిని, ఎక్కడా పోకుండా భద్రంగా ఉంటుందని, ఎక్స్‌రే గదిలో లోపలి మేకుకి తగిలించి వెళ్తున్నాడు. సాయంత్రం ఆరుకి అతను వెళ్తే క్లినిక్ తొమ్మిదిన్నర దాకా నడుస్తుంది. అతని పేరు మీద బ్యాడ్జి ఒక్కటే ఓవర్‌టైం చేసింది.

మోలార్_మావయ్య
బ్యాడ్జికైనా ఓవర్‌టైం జీతం ఇచ్చారా?

రెండు_కుర్చీల_క్లినిక్
అందరికీ థాంక్స్, నిన్నంతా మళ్లీ మళ్లీ చదివా. కొన్ని పనులు చేశా, చెప్తా.

గోడ కొలిపించా. మావయ్య గెలిచారు, నాలుగున్నరే. ఓనర్ గారిని లెడ్ షీటు గురించి అడిగితే "రేడియేషన్ అనే మాట ఈ బిల్డింగ్‌లో మళ్లీ ఎత్తకు, కింద కిరాణా షాపు వాళ్లు ఖాళీ చేసేస్తారు" అన్నారు. కింది గది ఒకటి ఖాళీగా ఉంది, దానికి మూడు వైపులా పాత గోడలు, అడ్డంగా నా చెయ్యంత మందం. అది అడుగుతున్నా.

సేల్స్ అబ్బాయికి ఫోన్ చేసి మూడు కాగితాలు అడిగా, వాళ్ల సప్లయర్ అనుమతి, ఆ మోడల్ నంబర్ మీద టైప్ అప్రూవల్, ఆ గదికి లేఅవుట్ డ్రాయింగ్. మొదటిసారిగా ఆ అబ్బాయి నోట "చూసి చెప్తా సార్" వచ్చింది.

లాభనష్టాలు కూడా వేసుకున్నా. నెలకు నా సొంత పేషెంట్లవి పాతిక స్కాన్లు కూడా ఉండవు. ఈఎంఐ, వార్షిక మెయింటెనెన్స్, కరెంటు, ఇవన్నీ తీరాలంటే ఊళ్లో మిగతా డాక్టర్లు పంపాలి. వాళ్లు పంపితే అప్పుడు నేను వేరేవాళ్ల పేషెంట్ల స్కాన్లు తీసినవాణ్ని అవుతా, మరి చదివే బాధ్యత ఎవరిది? అక్కని అడుగుతున్నా.

ఓఎండీఆర్_అక్క
రిపోర్టు ఎవరు రాస్తారో స్కాన్ రిక్వెస్ట్ ఫారంలోనే రాయించు. పంపిన డాక్టరు "నేనే చదువుకుంటా" అంటే అక్కడ సంతకం తీసుకో. ఏమీ రాయకపోతే రిపోర్టుకి పంపు. నోటిమాటలు వద్దు. ఇంకో సంగతి, కొనకముందే నీ గుంటూరు సెంటర్‌ని అడిగి నీ పాత పేషెంట్ల ఫైళ్లు ఓ ముప్పై తెప్పించుకో. ముందు వాటి రిపోర్టు చూడకుండా నువ్వే రాయి, తర్వాత వాళ్ల రిపోర్టుతో పోల్చు. ఎక్కడ తేడా వస్తోందో నీకే తెలుస్తుంది. వచ్చే నెల మా డిపార్ట్‌మెంట్‌లో రెండు రోజుల హ్యాండ్స్ ఆన్ ట్రైనింగ్ ఉంది, వివరాలు మెసేజ్ చేస్తా.

రూట్‌కెనాల్_రాజు
ఆ వివరాలు నాకూ పంపండి అక్కా.

మోలార్_మావయ్య
ఏంటీ?

రూట్‌కెనాల్_రాజు
ఏం లేదు మావయ్యా. నిన్న రాత్రి ఈ సైనస్ కేసు చదివి పడుకున్నా, నిద్ర పట్టలేదు. పొద్దున్నే క్లినిక్‌కెళ్లి ఆర్థో ఫ్రెండ్ పంపిన పెద్ద ఫీల్డ్ స్కాన్లన్నీ తెరిచి కూర్చున్నా. ఇప్పటికి పదకొండు అయ్యాయి. ఒకదాంట్లో ఎడమ కీలు దగ్గర ఏదో తేడాగా ఉంది, నాకు అర్థం కావట్లేదు. పేరు తీసేసి ఫైల్ పంపిస్తా అక్కా, మూడొందలు కాదు, ఐదొందలే ఇస్తా.

ఓఎండీఆర్_అక్క
పంపు. పేషెంట్ వయసు రాయి.

రెండు_కుర్చీల_క్లినిక్
తొమ్మిది రోజులైంది. కింది గదికి ఓనర్ ఒప్పుకున్నారు, అడ్వాన్స్ కట్టా. పాత ఫైళ్లలో పన్నెండు చదివా, రెండింట్లో నేను రాయనిది రిపోర్టులో ఉంది, ఒకదాంట్లో రిపోర్టులో లేనిది నేను రాశా (అది ఆర్టిఫాక్ట్, అంటే నిజంగా లేని నీడ, అని తేలింది, పక్కన మెటల్ క్యాప్). మూడు కాగితాల్లో ఒకటి వచ్చింది, లేఅవుట్ డ్రాయింగ్. అందులో నా గది కిటికీ లేని వైపు కిటికీ గీశారు. మిగతా రెండూ "రేపు పంపిస్తా సార్" అంటున్నాడు.

క్యూఏ_బాబాయ్
ఆ డ్రాయింగ్ నాకు పెట్టండి, సరిచేసి ఇస్తా. ఆ రెండు కాగితాలూ చేతికి రాకుండా మెషిన్‌కి అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.

రెండు_కుర్చీల_క్లినిక్
పొద్దున్నుంచీ అదే అడుగుతున్నాడు బాబాయ్. యాభై వేలు వేస్తే మెషిన్ బుక్ చేస్తాడట, నెలాఖరు ఆఫర్ అట.